నెట్‌వర్కింగ్ అంటే సర్టిఫికెట్టూ ప్యాకేజీయేనా ఎడిటర్ గారూ?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మీ పేపర్ చదువుల పేజీలో ఈ మధ్య కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లో కెరీర్ గురించి వేశారు, మా పిల్లలు వాట్సాప్ గ్రూప్‌లో ఫొటో తీసి పెడితే చూశా. ఏ సర్టిఫికేషన్ చేస్తే ఏ ఉద్యోగం వస్తుంది, అమీర్‌పేటలో కోచింగ్ ఎన్ని నెలలు, ఫ్రెషర్‌కి ఎంత ఇస్తారు, నాలుగేళ్ళు చేశాక ఎంత అడగొచ్చు, అన్నీ ఉన్నాయి. తప్పు పట్టట్లేదు, ఇంట్లో లోన్ తీసుకుని చదివే పిల్లాడికి ముందు కావాల్సింది అదే. కాకపోతే పేజీ మొత్తంలో ఈ సబ్జెక్ట్‌ని కట్టిన వాళ్ళు ఎవరు, ప్రొఫెసర్‌గానో రీసెర్చర్‌గానో ఇందులో పనిచేస్తే జీవితం ఎలా ఉంటుంది అన్నది ఒక్క ముక్క కూడా లేదు, అసలు అలాంటి దారి ఒకటి ఉందనే లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, కత్తిరించుకోండి, కానీ మధ్యలో లెక్క మాత్రం ఉంచండి.

నేను పల్నాడులో ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్తా. ఒక ప్రొఫెసర్ కెరీర్ గురించి రాయమంటే నా మటుకు నేను డేవిడ్ మిల్స్ పేరే చెప్తా. అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీలో 1986 నుంచి 2008లో రిటైర్ అయ్యేదాకా పాఠం చెప్పిన మనిషి. 2024 జనవరి 17న పోయారు, 85 ఏళ్ళు. ఆ వార్త మన పేపర్లలో నా కంట పడలేదు, ఎక్కడైనా మూలన వేశారేమో మరి. ఆయన పని మాత్రం మీ ప్రెస్‌లో, మా ల్యాబ్‌లో, చదువుతున్న వాళ్ళ చేతిలో ఫోన్ వెనక సర్వర్లలో ఇప్పుడు కూడా నడుస్తూనే ఉంది. కంప్యూటర్లన్నీ ఒకే టైమ్ చూపించటానికి వాడే ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, ఆయన తయారు చేసిందే.

టైమ్ చూపించటం కూడా ఒక రీసెర్చా సార్ అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మా ల్యాబ్‌లో పాత పీసీల్లో సీమాస్ బ్యాటరీ (కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే చిన్న సెల్) అయిపోతే ఆన్ చేయగానే డేట్ ఎప్పటిదో పాత జనవరి 1 చూపిస్తుంది, అప్పుడు ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి సార్ నెట్ ఉంది కానీ గూగుల్ రావట్లేదు అంటాడు. కేబుల్ బాగానే ఉంటుంది, ఐపీ, అంటే నెట్‌లో మెషీన్ అడ్రస్, బాగానే ఉంటుంది, బ్రౌజర్ మాత్రం సర్టిఫికెట్ చెల్లదు అని తెర నిండా హెచ్చరిక పెడుతుంది, ఎందుకంటే వెబ్‌సైట్ సర్టిఫికెట్, అంటే సైట్ అసలుదే అని చెప్పే డిజిటల్ గుర్తింపు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉంటుంది, మన పీసీ లెక్కలో ఆ తేదీ ఇంకా రానేలేదు. టైమ్ సరిచేస్తే అంతా వచ్చేస్తుంది. 30 సెకన్లకోసారి మారే అథెంటికేటర్ యాప్ కోడ్ కూడా అంతే, ఫోన్ గడియారం రెండు మూడు నిమిషాలు తప్పితే ఎన్నిసార్లు కొట్టినా కోడ్ తప్పు అంటుంది. తత్కాల్ కోసం పొద్దున పదింటికి ఏసీకి, పదకొండింటికి స్లీపర్‌కి కాచుకు కూర్చునే వాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, మన ఫోన్‌లో పది అయితే లాభం లేదు, వాళ్ళ సర్వర్‌లో పది అవ్వాలి.

కంప్యూటర్‌లో గడియారం అంటే ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం, అది కచ్చితంగా కొట్టుకోదు, వేడెక్కితే ఒక రకం చల్లబడితే ఇంకో రకం. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా రోజుకి 1.7 సెకన్లు పోతుంది, నెలకి యాభై సెకన్లు. మిల్స్ 1977లో కామ్‌శాట్ అనే శాటిలైట్ కంపెనీలో చేరాక వేర్వేరు ఊళ్ళలో ఉన్న చిన్న మెషీన్ల గడియారాలు కలవకపోతే ప్యాకెట్, అంటే నెట్‌లో పంపే చిన్న డేటా ముక్క, ఎంతసేపట్లో వచ్చిందో కొలవటమే కుదరదు అని ఈ పనిలో దిగారు. 1979లో అట్లాంటిక్ మీదుగా శాటిలైట్ లింక్ పెట్టి ఇంటర్నెట్ సర్వీసులు జనానికి చూపించినప్పుడు ఆయన టైమ్ కలిపే పద్ధతి అందులో వాడారు. ఎన్‌టీపీ మొదటి డాక్యుమెంట్ ఆర్‌ఎఫ్‌సి 958 (ఇంటర్నెట్ పద్ధతులు రాసి పెట్టే డాక్యుమెంట్ల వరసలో నంబర్), 1985 సెప్టెంబర్‌ది, అప్పటికాయన లింకాబిట్ కంపెనీలో ఉన్నారు. ఆ తర్వాత ఏడాదే యూనివర్సిటీకి వచ్చారు. అంటే పని ముందు, ప్రొఫెసర్ కుర్చీ తర్వాత.

ఇప్పుడు లెక్క. దీన్ని నేను బోర్డ్ మీద వేసి చూపిస్తా, పదో తరగతి లెక్కలు వస్తే చాలు. నా పీసీ తన గడియారంలో సరిగ్గా 10 గంటలు అయినప్పుడు సర్వర్‌కి టైమ్ ఎంత అని ప్యాకెట్ పంపింది అనుకోండి. సర్వర్ గడియారంలో అది అందింది 10 గంటల 2.030 సెకన్లకి, జవాబు పంపింది 2.031కి, ఆ జవాబు నా పీసీకి చేరినప్పుడు నా గడియారంలో 10 గంటల 0.061 సెకన్లు. ఇవే నాలుగు టైమ్‌లు. వెళ్ళేటప్పుడు కనిపించిన తేడా 2.030, వచ్చేటప్పుడు కనిపించిన తేడా 2.031 లోంచి 0.061 తీసేస్తే 1.970, రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గా 2 సెకన్లు, అంటే నా గడియారం 2 సెకన్లు వెనక ఉంది. దారిలో పోయిన టైమ్ రాకపోకలకి 0.060 సెకన్లు, అది లెక్కలో తనంతట తానే కొట్టుకుపోయింది. ఎంత సులువో చూడండి, ఒక గడియారం తప్పు అయినా, దారిలో ఎంత ఆలస్యం అయిందో ముందు తెలియకపోయినా జవాబు వచ్చేసింది.

కానీ ఇందులో ఒక కిటుకు ఉంది, పోయే దారి వచ్చే దారి సమానం అనుకున్నాం. మొబైల్ నెట్‌లో అప్‌లోడ్ ఒక తీరు డౌన్‌లోడ్ ఒక తీరు, అలాంటప్పుడు పైన వేసిన లెక్కలో 30 మిల్లీసెకన్ల దాకా తప్పు రావచ్చు. మిల్స్ తర్వాతి ముప్పై ఏళ్ళు చేసింది ఈ మిగిలిపోయిన తప్పుతో కుస్తీనే అని చెప్పొచ్చు. ఒక సర్వర్‌ని నమ్మకుండా నాలుగైదింటిని అడగటం, వాటిల్లో అబద్ధం చెప్పేదాన్ని పట్టుకుని పక్కన పెట్టటం (ఆయన వాటికి ఫాల్స్‌టిక్కర్లు అని పేరు పెట్టారు), ఎక్కువ ఆలస్యంగా వచ్చిన జవాబుకి తక్కువ విలువ ఇవ్వటం, స్ఫటికం ఎంత వేగంగా తప్పుతోందో నేర్చుకుని నెట్ లేనప్పుడు కూడా దాన్ని సరిచేస్తూ ఉండటం. ఇంకో ముచ్చటైన పని ఏంటంటే తేడా 128 మిల్లీసెకన్ల లోపు అయితే గడియారాన్ని ఒక్కసారిగా జరపదు, సెకనుకి అర మిల్లీసెకను కంటే ఎక్కువ కదపకుండా మెల్లగా దారికి తెస్తుంది, ఎందుకంటే బ్యాంకు సర్వర్‌లో గడియారం ఒక్కసారి వెనక్కి దూకితే డబ్బు తీసిన ఎంట్రీ వేసిన ఎంట్రీ కంటే ముందు పడుతుంది, అప్పుడు ఆడిటర్‌కి ఎవరు జవాబు చెప్తారు.

ఎన్‌టీపీ డాక్యుమెంట్లు చూస్తే, 1985లో మొదటిది, 1988లో వెర్షన్ 1, 1989లో 2, 1992లో 3, అది వంద పేజీలు దాటింది, ఆ తర్వాత 4 స్టాండర్డ్‌గా వచ్చింది 2010 జూన్‌లో. అప్పటికి ఆయన రిటైర్ అయి రెండేళ్ళు. ఒకే పని మీద పాతికేళ్ళు! ఇది చదివి మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన అన్నారు, మన దగ్గర అయితే సార్ 1986లోనే అడిగేవాళ్ళు, గడియారం మీద పేపర్ అయిపోయింది కదా, వచ్చే సెమిస్టర్‌కి కొత్త టాపిక్ ఏంటి అని. నవ్వుకున్నాం కానీ అక్కడే ఉంది అసలు సంగతి. మన కాలేజీల్లో ప్రొఫెసర్ ఏం చేశాడు అంటే స్కోపస్ జాబితాలోకెక్కిన రీసెర్చ్ పేపర్లు ఎన్ని అనేదే లెక్క, ఆ మిగిలిన టైమ్ కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ ఫైళ్ళకి. ఒక సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని ఊరికే జనానికి ఇచ్చి, వచ్చిన బగ్‌లు సరిచేస్తూ, వెర్షన్ తర్వాత వెర్షన్ నిలబెట్టాను అని అప్రైజల్ ఫారంలో రాద్దామంటే దానికి గడే ఉండదు. మిల్స్ రాసిన పేపర్లు లేవని కాదు, బోలెడు ఉన్నాయి, కానీ ఆయన్ని నిలబెట్టింది నడుస్తున్న కోడ్. అది కూడా డెలావేర్ యూనివర్సిటీ పేరు మీద ఎవరైనా ఉచితంగా వాడుకోండి అనే లైసెన్స్‌తో ఇచ్చారు. దాంతో కంపెనీ పెట్టలేదు, అదేదో గొప్ప త్యాగం అని నేను అనట్లేదు, యూనివర్సిటీ జీతం ఇచ్చింది, అమెరికా ప్రభుత్వ సంస్థలు గ్రాంట్లు ఇచ్చాయి, అందుకే అలా కుదిరింది. మనం అడగాల్సింది కూడా అదే కదా.

మా పిల్లలు ల్యాబ్‌లో మొట్టమొదట కొట్టే కమాండ్ పింగ్, అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసేది. దాన్ని రాసింది మైక్ మూస్ అనే ఆయన, 1983 డిసెంబర్‌లో. ఆయనే తర్వాత రాసుకున్నారు, ఆ ఏడాది జులైలో నార్వేలో ఒక మీటింగ్‌కి వెళ్తే అక్కడ మిల్స్ మాటల మధ్య తన ఫజ్‌బాల్ మెషీన్లలో ఎకో ప్యాకెట్లు (అవతలి మెషీన్ అలాగే తిప్పి పంపేవి) పంపి ఆలస్యం కొలుస్తున్నానని ఊరికే అన్నారట, ఆ మాట పట్టుకునే పింగ్ పుట్టింది. ఫజ్‌బాల్ అంటే మిల్స్ డెక్ అనే కంపెనీ చిన్న కంప్యూటర్ మీద తయారు చేసుకున్న రౌటర్ సాఫ్ట్‌వేర్. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1986లో సూపర్ కంప్యూటర్ సెంటర్లని కలుపుతూ నెట్‌వర్క్ వేసినప్పుడు ఆరు చోట్లా పెట్టింది వీటినే. లింక్ స్పీడ్ సెకనుకి 56 కిలోబిట్లు, ఇప్పుడు మన ఇంట్లో ఫైబర్ కనెక్షన్ దానికి కొన్ని వేల రెట్లు. రెండేళ్ళకే జనం ఎక్కువై అది సరిపోక పెద్ద లింకులకి మారారు. నెట్‌వర్క్‌ల మధ్య దారులు చెప్పుకునే ఈజీపీకి 1984లో పక్కా డాక్యుమెంట్ రాసింది కూడా ఆయనే, ఇప్పుడు సిలబస్‌లో ఉన్న బీజీపీ దాని తర్వాత తరం. నా ఉద్దేశంలో ఆ రెండూ ఎన్‌టీపీ పక్కన చిన్నవే, ఎందుకంటే అవి పోయాయి, ఇది ఉంది.

ఇంకొకటి చెప్పాలి. ఆయనకి పుట్టుకతోనే గ్లాకోమా, చూపు తీసే కంటి జబ్బు. చిన్నప్పుడు ఆపరేషన్ చేసి ఎడమ కంటిలో కొంత చూపు దక్కించారు, కాలిఫోర్నియాలో చూపు తక్కువ ఉన్న పిల్లల స్కూల్లో చదివారు, తర్వాత మిషిగన్ యూనివర్సిటీలో 1971లో పీహెచ్‌డీ. చివరి ఏళ్ళలో ఉన్న చూపు కూడా పోయింది. మీ ఫీచర్ రాసేవాళ్ళు దీన్ని పట్టుకుని హెడ్డింగ్‌లో కన్నీళ్ళు పెట్టిస్తారేమో అని నాకు భయం, దయచేసి అలా చేయకండి. తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకుని కోడ్ రాసుకున్న మనిషి, హ్యామ్ రేడియో పిచ్చి ఉన్న మనిషి, అలాగే రాయండి. మా కాలేజీలో చూపు తక్కువ ఉన్న పిల్లాడు ఒకడు నెట్‌వర్క్స్ ఎలెక్టివ్ తీసుకోవచ్చా అని అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈయనే, తీసుకోమన్నా, ఇప్పుడు నెట్‌లో పోయేవి చూపించే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో ప్యాకెట్లు మిగతా వాళ్ళకంటే వాడే ముందు పట్టుకుంటున్నాడు.

అంతా పొగడ్తే అనుకోకండి. మిల్స్ డాక్యుమెంట్లు చదవాలంటే ఓపిక కావాలి, ఒక పేజీ ఇంగ్లీషు ఉంటే రెండు పేజీలు సమీకరణాలు. కోడ్ కూడా పాత ఇంటికి గది తర్వాత గది కలుపుకుంటూ పోయినట్టు పెరిగింది, కొత్తవాడు లోపలికి వెళ్తే బయటికి దారి దొరకదు. ఆయన తర్వాత దాన్ని చూసుకోవటానికి మనుషులు చాలక హార్లన్ స్టెన్ లాంటి ఒకరిద్దరి మీద భారం అంతా పడింది, ప్రపంచం మొత్తం వాడే సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు ఇచ్చే నాథుడు లేడు. 2014లో ఎన్‌టీపీ సర్వర్లలో పాత మాన్‌లిస్ట్ కమాండ్‌ని (ఈ మధ్య ఎవరెవరు టైమ్ అడిగారో జాబితా ఇచ్చేది) వాడుకుని దొంగలు పెద్ద పెద్ద వెబ్‌సైట్ల మీద ట్రాఫిక్ కుమ్మరించారు, సెకనుకి 400 గిగాబిట్ల దాకా. ఇప్పుడు చాలా లినక్స్‌లలో ఆయన రాసిన ప్రోగ్రామ్ బదులు క్రోనీ అనేది వస్తోంది, మా ల్యాబ్‌లోనూ అదే, నాకూ అదే నచ్చుతుంది. కానీ క్రోనీ మాట్లాడేది కూడా మిల్స్ ప్రోటోకాలే, అదే 123 పోర్ట్ (మెషీన్‌లో ఈ పనికి కేటాయించిన తలుపు నంబర్), అవే నాలుగు టైమ్‌లు.

ఒక్కడు అజాగ్రత్తగా ఉంటే ఏమవుతుందో కూడా పిల్లలకి చెప్తా. 2003లో విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్ మీదకి ఉన్నట్టుండి సెకనుకి లక్షల్లో ప్యాకెట్లు వచ్చి పడ్డాయి. ఎవరో దాడి చేస్తున్నారు అనుకున్నారు, తీరా చూస్తే నెట్‌గేర్ కంపెనీ ఇళ్ళకి అమ్మిన రౌటర్లలో ఆ సర్వర్ అడ్రస్‌ని కోడ్‌లోనే రాసేశారు, జవాబు రాకపోతే సెకనుకోసారి మళ్ళీ అడుగు అని కూడా రాశారు. సర్వర్ బిజీ అయ్యేకొద్దీ జవాబులు తగ్గాయి, జవాబులు తగ్గేకొద్దీ రౌటర్లు ఇంకా అడిగాయి. ఇలాంటి గోల ఆపటానికే వెర్షన్ 4లో సర్వర్ తిరిగి ఒక ప్యాకెట్ పంపి ఇక అడగటం ఆపు, తగ్గించు అని చెప్పే వీలు ఉంది. ఐపీ అడ్రస్‌ని ప్రోగ్రామ్‌లో నేరుగా రాయొద్దు అని నేను వందసార్లు చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క కథతో ఎక్కుతుంది.

మన దేశానికి దీనితో సంబంధం ఏంటి అంటారేమో. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ ఆఫీసులు తమ కంప్యూటర్ల టైమ్‌ని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ల సంస్థ ఎన్‌ఐసీ లేదా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఎన్‌టీపీ సర్వర్లతో గానీ, వాటి టైమ్‌నే అనుసరించే సర్వర్లతో గానీ కలుపుకోవాలి అని ఉంది. సైబర్ మోసం జరిగినప్పుడు బ్యాంకు లాగ్ (ఏది ఎప్పుడు జరిగిందో మెషీన్ రాసుకునే చిట్టా), టెలికాం లాగ్, వెబ్‌సైట్ లాగ్ పక్కపక్కన పెట్టి చూడాలి కదా, ఒక్కో చోట ఒక్కో టైమ్ ఉంటే ఎవరు ముందు ఎవరు తర్వాత అన్నది తేలేది ఎలా. అలాంటి ఉద్యోగం హైదరాబాద్‌లో విజయవాడలో మా పిల్లలు చేస్తున్నారు, వాళ్ళల్లో చాలామందికి ఆ కాన్ఫిగ్ ఫైల్‌లో నాలుగు లైన్ల వెనక ఎవరున్నారో తెలియదు.

ఇంకో ముఖ్యమైన పాయింట్, కంపెనీకి పోతే చదువు అయిపోయినట్టే, చదువులోకి వస్తే కంపెనీ అయిపోయినట్టే అని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. ఈ ఫీల్డ్‌లో అలా లేదు. మిల్స్ పీహెచ్‌డీ అయ్యాక ఎడిన్‌బరోలో, మేరీల్యాండ్‌లో పాఠాలు చెప్పి, తర్వాత రెండు కంపెనీల్లో పనిచేసి, దగ్గర దగ్గర 48 ఏళ్ళ వయసులో డెలావేర్‌కి వచ్చారు. రాజ్ జైన్ గారు కూడా డెక్ కంపెనీలో ఉండగానే కె.కె. రామకృష్ణన్ గారితో కలిసి నెట్‌వర్క్ కిక్కిరిసిపోకముందే ప్యాకెట్‌లో ఒక బిట్‌తో హెచ్చరించే పద్ధతి కనిపెట్టి, తర్వాత ఒహాయో స్టేట్‌కి, ఆ తర్వాత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి ప్రొఫెసర్‌గా వెళ్ళారు. రామకృష్ణన్ గారూ ఏళ్ళ తరబడి ఏటీ అండ్ టీలో చేసి ప్రొఫెసర్ అయ్యారు. నాలుగేళ్ళు కంపెనీలో పనిచేసి మళ్ళీ చదువుకుంటా అనే అమ్మాయికి ఇంట్లో చూపించటానికి ఇలాంటివి నాలుగు మీ పేజీలో కనిపిస్తే చాలు.

పైగా పని అయిపోలేదు. ఎన్‌టీపీ సెకన్లని 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టి 32 బిట్లలో పెడుతుంది, ఆ గడి 2036 ఫిబ్రవరి 7న నిండి మళ్ళీ సున్నాకి వస్తుంది. ప్రోటోకాల్‌లో దానికి ఏర్పాటు ఉంది, కానీ పాత మీటర్లలో, కెమెరాల్లో, చవక రౌటర్లలో ఎవరు ఎలా రాశారో ఒక్కొక్కటీ చూసుకోవాలి. ఇప్పుడు నా క్లాసులో ఉన్న వాళ్ళు అప్పటికి ముప్పై దాటి ఆ మెషీన్లని చూసుకునే సీట్లలో ఉంటారు.

కాబట్టి ఎడిటర్ గారూ, అడిగేది ఒకటే. వారానికి ఒకరి గురించి, ఫొటో లేకపోయినా పర్లేదు, ఏం సమస్య, ఎన్నేళ్ళు పట్టింది, జీతం ఎవరిచ్చారు, ఎక్కడ ఇరుక్కుపోయారు, ఇంతే రాయండి. మిల్స్‌తో మొదలుపెట్టి రాజ్ జైన్, ఇంకా లిక్సియా జాంగ్, శాలీ ఫ్లాయిడ్ అనే నెట్‌వర్క్ రీసెర్చర్లు, ఇలా వరసగా వేయొచ్చు, సాంకేతికం అర్థం కాకపోతే మాలాంటి వాళ్ళం ఉచితంగా చెప్తాం. చోటు లేదు అంటే మాత్రం ఆ ప్యాకేజీల టేబుల్‌లో కింద రెండు వరసలు తీసేయండి, వాటిల్లో అంకెలు ఎలాగూ మా పిల్లలు ఎవరూ నమ్మట్లేదు.

ఇట్లు,
ఒక సీఎస్‌ఈ లెక్చరర్,
పల్నాడు జిల్లా